సరిపడా చిల్లర

ఆదివారం నరసాపురంలో సెకండ్ షో.
పక్క సీట్లో మా మేనల్లుడు హేమసుందరు,
పదో తరగతి లెక్కలు తప్పి
ఫోన్లో డెబ్భయ్యో లెవెలు దాటినవాడు.

తెర మీద ఒకడు ఆరూ పదికి లేస్తాడు,
బస్సెక్కుతాడు, వంతెన మీద చస్తాడు.
మళ్ళీ ఆరూ పది. అదే అలారం, అదే దుప్పటి.
రీలు తిరగబడిందేమో అనుకున్నాను.
"కాదు మావయ్యా, అది సేవ్ పాయింటు.
మొదటిసారి తలుపెనకాల ఎవడున్నాడో తెలీదు, పోతావు.
రెండోసారి తెలుసు, వంగుతావు.
మూడోసారి వాడి కత్తి నీ చేతిలో ఉంటుంది."
చీకట్లో వాడి బొటనవేళ్ళు
లేని బటన్లు నొక్కుతూనే ఉన్నాయి.
హీరో ఎడమకి దూకకముందే
వాడి భుజం ఎడమకి వాలింది.

నా చూపు మాత్రం
బస్టాండులో టీ అమ్మేవాడి దగ్గరే ఆగిపోయింది.
పదకొండుసార్లు కనిపించాడు, లెక్కెట్టాను, అలవాటు.
పదకొండుసార్లూ "అల్లం వేశానండి, తాగండి" అన్నాడు
అదే గ్లాసు అంచు అదే గుడ్డతో తుడుస్తూ.
చచ్చినప్పుడల్లా హీరోకి ఒక తెలివి పెరుగుతోంది.
వీడికి ముడత కూడా పెరగలేదు.
వాడెవడ్రా అంటే
"వాడా? ఆటలో ఉంటాడు, ఆడడు"
అన్నాడు హేమసుందరు, సమోసా నములుతూ.

నేను పంటు మీద టిక్కెట్లు కోస్తాను.
ఈ రేవు నుంచి సఖినేటిపల్లికి, అక్కణ్ణుంచి ఇక్కడికి,
పద్దెనిమిదేళ్ళుగా.
మనిషికింత, బండికింత, రొయ్యల ట్రేలేసుకొచ్చే ఆటోకింత.
"చిల్లరుంటే ఇవ్వండి, కాస్త లోపలికి జరగండి"
ఈ మాటలు నేనంటున్నానో, అవే నన్ను అంటున్నాయో.
ఏసుబాబు ఇంజను తిప్పుతాడు,
పొగ నిన్నటి మెలికే తిరుగుతుంది.
పోటుకి ఉప్పునీళ్ళు ఎగువకొస్తాయి, ఆటుకి పోతాయి,
ఏదో మర్చిపోయి వెనక్కొచ్చినట్టు
రోజుకి రెండుసార్లు వశిష్ఠ.

సోమవారం, ఎనిమిదింపావు ట్రిప్పు.
భుజాన లేసు మూటతో ఒకావిడ.
నేనింకా నోరు తెరవలేదు,
సరిపడా చిల్లర నా అరచేతిలో పెట్టింది.
లోపలికి జరిగింది.
ఏసుబాబు తుమ్మాడు.
"నూరేళ్ళు" అన్న మాట
తుమ్ముకంటే ముందు వినిపించింది.

అవతలి ఒడ్డు దగ్గరపడుతుంటే
నా వైపు చూడకుండానే అంది:
"తాడు దగ్గర్నుంచి ఇవతలికి రండి."
ఎందుకని అడిగేలోగా కాలు వెనక్కొచ్చేసింది.
తాడు తెగింది.
నా మోకాలుండాల్సిన చోట గాలిని కోసుకుపోయి
ఇనప రెయిలింగుని వంచింది.
తేరుకుని చూస్తే ఆమె లేదు,
అంతర్వేది ఆటోల జనంలో
తెల్ల మూట ఒకటి కదిలిపోతోంది.

ఏసుబాబు తేల్చేశాడు:
పీచు లేచిన తాడు, కళ్ళున్న ఎవరికైనా కనిపిస్తుంది.
రేటు ఊరందరికీ తెలుసు.
ఆయ్, నిజమే.

రాత్రి మోకాలు తడుముకుంటూ పడుకున్నాను.
ఆమె లెక్కలో ఈ కాలు ఎన్నిసార్లు తెగిందో.
ఎన్ని ఎనిమిదింపావులు నా అరుపు విందో.
మొదట్లో ఆగి ఉండదు.
ఆమె పని అవతలి ఒడ్డున, ఆ ఒడ్డున ఎవరి ప్రాణమో,
నేను దారిలో అల్లం టీ వాణ్ణి.
మరి ఏ సారికి,
ఏ విసుగు అడుగున,
నా కోసం ఒక్క మాట ఖర్చు పెట్టాలనిపించిందో.

మంగళవారం ఎనిమిదింపావుకి ఆమె రాలేదు.
కొత్త తాడు కొబ్బరిపీచు వాసనేస్తోంది.
ఒక పెద్దాయన అయిదొందల నోటు చాపాడు.
చిల్లరుంటే ఇవ్వండి, అనబోయి,
"ఎక్కడిదాకా వెళ్ళాలండీ?" అన్నాను.

గేటు గొలుసు మాట్లాడినట్టు
నా వంక చూశాడు.